ఎమ్మిగనూరు ఓటీపీ

అక్టోబరు 24

మధ్యాహ్నం వానలో కరెంటు పోయి వచ్చింది. మళ్లీ పోయి మళ్లీ వచ్చింది. కరెంటు వచ్చింది గానీ షాపులో కంప్యూటర్ రాలేదు. బటన్ నొక్కితే లోపల ఫ్యాను ఒకసారి నిట్టూర్చి ఊరుకుంది. కాలిన వాసన.

పెళ్లికార్డుల కాలం. వచ్చే నెలాఖరుకు మూఢం వస్తుందని ఆదోని ఆదోనంతా కార్తీకంలోనే ముహూర్తాలు పెట్టుకుంది. దీనికి పోయేకాలం ఇప్పుడే వచ్చింది.

రిపేరు తిరుపాల్ వచ్చాడు. భీమాస్ సర్కిల్ దగ్గర అతని కొట్టు. ఏ మిషన్ మూత తీసినా ముందు "అయ్యో" అనడం అతని అలవాటు. ఈ రోజు అనలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"మదర్‌బోర్డు పోయిందక్కా. కొత్తది ఏయాల."

"లోపలున్న పనులన్నీ?"

"డిస్కు బాగనే ఉండాది. నీ పెండ్లికార్డులు యాడికీ పోవు."

ఈ రోజుకు అదొక్కటే మంచి మాట.

అక్టోబరు 26

బోర్డు ఆదోనిలో దొరకలేదు, కర్నూలు నుంచి రావాలి. పనిలేక షాపు ముందు బోర్డు తుడిచాను. శ్రీలావణ్య డిజైన్స్. కొత్తవాళ్లు అమ్మవారి పేరనుకుని చెప్పులు బయట విడుస్తారు. అమ్మవారు కాదు, ఎవరూ కాదు. శ్రీవల్లి అనే నేనూ, లావణ్య అనే ఆమే.

ఆమె పేరు ఇక ఈ డైరీలో రాయకూడదని పోయిన ఏడాదే ఒట్టు పెట్టుకున్నాను. బోర్డు మీదుంది కాబట్టి రాయాల్సి వచ్చింది. ఇకపై ఎమ్మిగనూరు అని రాస్తాను, చాలు.

పదో తరగతి నుంచి ఒకే బెంచీ. ఆ తర్వాత ఒకే షాపు. పోయిన ఏడాది శ్రావణంలో ఆమె ఒంట్లో బాగాలేదని నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు ఒక ఆటో వెనకాల బ్యానర్ చూశాను. 'లావణ్య గ్రాఫిక్స్, ఎమ్మిగనూరు. ప్రారంభోత్సవం. అందరూ ఆహ్వానితులే.' అందరూ అని ఉంది. నన్ను మాత్రం పిలవలేదు. ఆ ఆటో సిగ్నలు లేకపోయినా నా ముందర అంతసేపు ఎందుకు నిలబడిందో ఇప్పటికీ తెలియదు.

బోర్డు మీద పేరు మార్పించలేదు. పెయింటర్ దొరకలేదు.

అక్టోబరు 29

కొత్త మదర్‌బోర్డు వేశాడు. మిషన్ వచ్చింది. నా పనులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. తిరుపాల్ ఇప్పుడు "అయ్యో" అన్నాడు.

తెర కింద కుడి మూలన లేత అక్షరాలు, ఇంగ్లీషులో. విండోస్‌ను యాక్టివేట్ చేయండి, అందుకు సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, అని.

"బోర్డు మారింది కదక్కా. దాని లెక్కన ఇది వేరే మిషను. లైసెన్సు మనదేనని మళ్లీ సూపియ్యాల."

"మాది ఒరిజినలే."

"ఏ అకౌంటు మీద కొన్నారు?"

నేను ఫ్యాను వైపు చూశాను. తిరుపాల్ తనే వెతికి మెయిలు పేరు గట్టిగా చదివాడు, పక్కన టైలర్ షాపు దాకా వినబడేట్టు. "లావణ్యక్కది! ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగు, అయిపాయ. లేదంటావా, టీ తాగే లోపల క్రాక్ ఏసిస్తా."

"దొంగది వద్దు. మొదట్నుంచీ మాది ఒరిజినల్."

"అయితే ఫోన్ చెయ్యి."

"అది కూడా వద్దు."

"మరేం కావాలక్కా నీకు?"

పోతూ పోతూ ధైర్యం చెప్పాడు. పని ఏమీ ఆగదట. కార్డులు చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. తెర మీద వెనకాల ఉండే బొమ్మను మాత్రం మార్చుకోలేమట.

ఇన్నేళ్లలో నాకు ఆ బొమ్మ మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ సాయంత్రం నుంచి అనిపిస్తోంది.

అక్టోబరు 30

పని ఆగదు కదా. ఆ మూలకు చూడకపోతే సరి.

అక్టోబరు 31

చూడకుండా ఉండలేకపోయాను.

పాస్‌వర్డ్ నేనే ఊహించగలను. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఆమె కూతురు గౌరి పేరు కొట్టి చూశాను. రాలేదు. గౌరి పేరుకు పుట్టిన సంవత్సరం తగిలించాను. రాలేదు. మంత్రాలయం, రాఘవేంద్ర, మహేశ్వర్ (ఆమె భర్త), ఉగ్గాని (ఆమెకిష్టమైన టిఫిన్). ఏదీ రాలేదు. నా పేరు కూడా కొట్టి చూశాను, ఊరికే. రాలేదు. రాదని తెలుసు. అయినా ఆ తర్వాత కాసేపు పని చేయబుద్ధి కాలేదు.

'పాస్‌వర్డ్ మరిచిపోయారా?' అని అడిగింది. ఫలానా అంకెలతో ముగిసే నంబరుకు ఓటీపీ పంపమంటారా అంది. ఆ నంబరు నాకు నోటికొచ్చు. పొరపాటున వేలు తగిలి పంపేశాను. తర్వాత కూడా పొరపాటున వేలు తగిలింది.

అన్నం తినేటప్పుడు మా ఆయనతో చెప్పాను. జిన్నింగు మిల్లు నుంచి అప్పుడే వచ్చి, పత్తి పోగులు తల మీద అలాగే ఉండగా కూర్చున్నాడు. ఎమ్మిగనూరు అనగానే ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"ఆయమ్మను అడిగేదేమీ వద్దు వల్లీ. క్రాక్ ఏయించు. ల్యాకుంటే కొత్త కంప్యూటరే కొందాం."

కొత్తది కొందాం! ఈ మాట హరికృష్ణ అనే మనిషి నోట నేను పెళ్లయ్యాక వినడం ఇదే. నా పక్షాన ఆమె మీద ఎంత కోపం దాచుకున్నాడో పాపం. రొట్టె మీద ఇంకొంచెం వెన్న వేశాను.

నవంబరు 1

కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడింది. నా హిందీ ఆదోని మార్కెట్ హిందీ. కూరగాయలకు సరిపోతుంది, లైసెన్సుకు చాలదు.

ఖాతా మీదేనా మేడమ్, అంది. మాదే అన్నాను. మీ పేరు, అంది.

"లావణ్య" అన్నాను.

పుట్టినరోజు అడిగింది. తడుముకోకుండా చెప్పాను. ఏటా ఆ రోజు ఓళిగలు చేసి మోసుకుపోయింది నేనే, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

సరే లావణ్యగారూ, మీ ఫోనుకు ఒక కోడ్ వచ్చింది, చెప్పండి, అంది.

నా ఫోను నా దగ్గర లేదన్నాను. ఎక్కడుందంది. ఎమ్మిగనూరులో ఉందన్నాను. ఎప్పుడు వస్తుందంది.

"రాదు" అన్నాను. గొంతు ఎందుకో బొంగురుపోయింది.

"అయ్యో, బాధపడకండి మేడమ్" అంది పాపం, ఆ అమ్మాయి. ఫోన్ పెట్టేశాను.

నవంబరు 3, కార్తీక సోమవారం

ఉపవాసం. ఉపవాసం ఉన్న రోజే పాండురంగయ్యగారు రావాలా?

మార్కెట్ యార్డు దగ్గర ఆయనది పత్తి వ్యాపారం. కూతురు ప్రియాంకకు గూడూరు సంబంధం కుదిరింది, అబ్బాయి అమర్‌నాథ్. కార్డు ఎలా వచ్చిందో చూడటానికి వచ్చాడు. వినాయకుణ్ని చూశాడు, బాగుందన్నాడు. పేర్లు చూశాడు, బాగున్నాయన్నాడు. చూపు కిందికి దిగింది.

"ఏందమ్మా అది, మూలకు?"

"అది కార్డులో లేదండీ. కంప్యూటర్లో ఉంది."

"కార్డు యాడుండాది?"

"కంప్యూటర్లో."

"మరి?"

ఇట్లా కాదని ఒక కాపీ ప్రింటు తీసి చేతికిచ్చాను. మూలను వేలితో రుద్దాడు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇందులో రాలే."

"రాదండీ."

"ఇప్పుడు రాలే. వెయ్యి కార్డుల్లో ఒగదాంట్లో వస్తే? ఆ ఒగటి సరిగ్గా మా వియ్యంకుని చేతికే పోతాది. నా జాతకం అట్లాంటిది."

వద్దు వద్దు అంటుండగానే తన ఫోనుతో తెరను ఫోటో తీసి గూడూరుకు పంపాడు, "వాళ్లు కూడా సూడనీ" అని. లేచేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "లావణ్యమ్మ ఉన్నప్పుడు ఇట్లాంటివి రాలేదే."

ఉపవాసం విడిచేటప్పుడు అన్నం సహించలేదు. మామూలుగా సోమవారాల్లో నేను రెండుసార్లు పెట్టించుకుంటాను.

నవంబరు 4

గూడూరులో అబ్బాయి పెదనాన్న ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యారట. ఆయన ఫోటో చూసి ఇంట్లో అందరికీ తెలుగులో అర్థం చెప్పారు. 'కిటికీలను ఉత్తేజపరచుడి.'

పాండురంగయ్యగారు పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు.

"కిటికీలు తెరిసేది ఎందుకు, మంటపంలో గాలి ఆడదా అంటాండారు తల్లీ! ఏసీ హాలు అని సెప్పి ఒప్పించినా వాళ్లను. ఇప్పుడు అనుమానం పడినారు. ఆ మాస్టారు హాలు సూసేకి ఆదోనికే బయలుదేరినాడంట!"

"ఏసీ హాలే కదండీ?"

"ఏసీ హాలే. ఏసీ పనిచేసేది ల్యా. అది ముహూర్తం నాటికి బాగు చేస్తారు. ఇప్పుడే వచ్చి సూస్తే ఎట్ల?"

గురువారం లోపల ఆ అక్షరాలు పోవాలట. లేకపోతే ఎమ్మిగనూరుకు పోయి లావణ్యమ్మ చేత వేయించుకుంటాడట.

వేయించుకోండి అని మొహం మీదే అనేద్దామనుకున్నాను. నోటికి "టీ తాగుతారా" అని వచ్చింది.

తర్వాత మంత్రాలయం స్వామివారి స్టిక్కరు ఒకటి తెచ్చి తెర మూలన అంటించాను. అక్షరాలు కనబడలేదు. అయితే టైము కూడా కనబడలేదు. స్వామిని కదిలించడానికి మనసు రాక ఈ రోజంతా పక్క షాపులో టైము అడిగాను.

నవంబరు 5, పౌర్ణమి

ఎమ్మిగనూరు వాట్సాప్ స్టేటస్ చూశాను. (ఆ నంబరు తీసేయాలి. గుర్తుండటం లేదు.)

'ఎవరో నా అకౌంట్‌లోకి దూరాలని చూస్తున్నారు. రోజూ ఓటీపీలు. ఆదోని దొంగైనా, అమెరికా దొంగైనా వదిలేది లేదు. సైబర్ క్రైమ్‌లో కంప్లయింట్ ఇస్తున్నాను.' కింద ఒక కత్తి బొమ్మ, ఒక కార్తీకదీపం బొమ్మ.

ఆదోనిని ముందు రాసింది, అమెరికాను తర్వాత.

సాయంత్రం తులసికోట దగ్గర దీపాలు పెడుతూ ఆయనతో అన్నాను, ఎమ్మిగనూరు పోయి రావాల్సి వచ్చేట్టుంది అని. ఆయన చేతిలో నూనె గిన్నె ఒలికింది.

"ఎమ్మిగనూరుకా? రోడ్డు బాగలే. ఆడ జరాలంట. ఏందో దోమ కుడతాదంట. నువ్వు పోవద్దు వల్లీ, కావాలంటే నేనే పోయొస్తా. నేను కూడా పోను. ఎవ్వరం పోయేది వద్దు."

భార్య పరువు కోసం ఇంత తపన పడే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?

నవంబరు 6

పోయాను. వివరంగా రాయాలి.

ఓటీపీ ఫోన్లో చెప్పించుకున్నా సరిపోతుంది. కానీ మిషన్ పక్కన లేకుండా ఇట్లాంటి పనులు సరిగా జరగవని నా అభిప్రాయం. అందుకే కంప్యూటర్ డబ్బాను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గద్వాల చీర కట్టుకున్నది వేరే కారణంతో. ఇస్త్రీ చేసింది అదొక్కటే ఉంది.

కండక్టర్ వచ్చాడు. "నీకు ఫ్రీ అమ్మా. దానికి లగేజీ టికెట్టు."

"నాతోపాటే కదా వస్తాంది?"

"ఆడోళ్లకే ఫ్రీ. అది ఆడదా?"

పక్క సీట్లో ఒక ముసలామె, పెద్ద కుంకుమబొట్టు, నా తరఫున లేచింది. "ఒళ్లో బిడ్డకు టికెట్టు అడుగుతావేంది? సిగ్గులే నీకు?" బస్సంతా నవ్వింది. కండక్టర్ కూడా నవ్వుతూ ముందుకు పోయాడు. ఆ అమ్మ తువ్వాల మీద చెయ్యి వేసి నన్ను మెల్లగా అడిగింది: "దీనికేమైందమ్మా?"

"మదర్‌బోర్డు పోయిందమ్మా."

"మదరంటే తల్లే కదా? అయ్యో!" అని దిగే వరకు దానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టింది.

లావణ్య గ్రాఫిక్స్ మగ్గాల వీధి మొదట్లో ఉంది. మా షాపంత కూడా లేదు. (శుభ్రంగా ఉంది. రాయకపోతే అబద్ధమవుతుంది.) ఎవరికో విజిటింగ్ కార్డు చేస్తూ తల ఎత్తింది. కొంచెం చిక్కింది. నన్ను చూసింది, చీరను చూసింది, డబ్బాను చూసింది.

"ఏం కావాలమ్మా?" అంది, బజార్లో ఎవరినో అడిగినట్టు.

"ఓటీపీ" అన్నాను.

విజిటింగ్ కార్డు మనిషిని రేపు రమ్మని పంపేసింది. డబ్బాను టేబుల్ మీద పెట్టాను. తువ్వాల నేను విప్పబోతే తనే లాక్కుని విప్పింది.

"ఐతే ఆ దొంగది నువ్వేనా?"

"దొంగతనమేముంది? ఇద్దరం కొన్న లైసెన్సు."

"ఒగ మాట అడిగింటే సెప్పనా?"

"నువ్వు ఒగ మాట సెప్పి పోయింటే కదా నేను అడిగేది!"

ఆమె వంగి వైర్లు తగిలించింది. మిషన్ వచ్చింది. తీరా చూస్తే పాస్‌వర్డ్ ఆమెకూ గుర్తు లేదు. ఓటీపీ పంపింది. ఆమె ఫోను మోగింది. కొట్టింది. అయిపోయిందనుకున్నాను. ఇంకో రుజువు కూడా కావాలంది మిషను. ఇంకో మెయిలుకు కోడ్ పంపుతానంది. మొదటి రెండు అక్షరాలు చూపించి మిగతావన్నీ చుక్కలు పెట్టింది.

"ఎవరిది అది?" అన్నాను.

"నీదే. కొన్న రోజు రెండో మెయిలు అడిగితే పక్కన కూర్చొని నువ్వే సెప్తివి. మర్చిపోతివా?" మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ అంది: "నేను కూడా ట్రై చేస్తాంటి. పాత డిజైన్లు ఈ అకౌంట్లోనే ఉండాయి. కోడ్ నీకు పోతాదని తెలిసి వదిలేస్తాంటి. నువ్వే సూసి ఫోన్ చేస్తావనుకుంటి."

"నాకు ఏ కోడూ రాలే."

ఫోనులో మెయిలు తెరిచి చూపిద్దామనుకున్నాను. మామూలు ఉత్తరాల్లో లేవు. పనికిరాని ప్రకటనలు పడే చోట చూస్తే ఉన్నాయి. ఈ నెల రోజుల్లోవే ఎన్నో. ఒకటి నా పుట్టినరోజున, పొద్దున్నే పంపింది.

ఆమె కూడా ఆ తేదీ చూసి, కొత్తగా వచ్చిన కోడ్ చదవమంది.

రెండో కోడ్ కూడా కొట్టాం. కొత్త పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాం. ఏం పెట్టామో ఇక్కడ రాయను. రాయకూడనిదని కాదు, పెట్టేటప్పుడు ఇద్దరం నవ్వాం, దాన్ని రాయడం రాదు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో, ఈ మధ్య మిషన్‌లో భాగాలు మార్చాం అని చెప్పాలి. మన మిషన్ల పేర్లు వరసగా చూపిస్తుంది. ఇప్పుడు వాడుతున్నది ఇదే అని ఒకదానికి టిక్కు పెట్టాలి. పెట్టింది. చిన్న చక్రం తిరిగింది. మూలన అక్షరాలు పోయాయి.

ఇద్దరం ఆ ఖాళీ మూలకేసి చూస్తూ కూర్చున్నాం. బయట మగ్గాలు టకటకలాడుతున్నాయి. నా పని అయిపోయింది, నేను లేవాలి. లేవలేదు. ఆమె లెమ్మనలేదు. ఉగ్గాని తెప్పించింది. బజ్జీల్లోంచి బాగా వేగినవి ఏరి నా వైపు తోసింది. అప్పుడిక ఆగలేకపోయాను.

"ఎందుకే, నాకు సెప్పకుండా పోతివి?"

"సెప్పకుండానా?" బజ్జీ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "హరన్నకు సెప్పినా కదా!"

"ఏ హరన్న?"

"నీ మొగుడే! మా బావ పక్షవాతంతో పడిపోయినాడు, ఈడ బట్టల దుకాణం సూసేవాళ్లు ల్యారు, మేం ఎమ్మిగనూరు పోవాల్సి వచ్చిందన్నా అని సెప్పినా. వల్లి ముందర నిలబడితే నాకు నోరు రాదు, అది ఏడుస్తాది, దాన్ని సూసి నేను ఏడుస్తా, నువ్వే నిదానంగా సెప్పి ప్రారంభానికి తోలుకొని రా అంటి. 'నువ్వేమీ దిగులుపడొద్దమ్మా, నేను సెప్తా కదా' అనె. ఆ రోజు కత్తెర చేత పట్టుకొని మధ్యాన్నం దాకా నిలబడితి నీ కోసం. ముహూర్తం దాటిపాయ. మా అత్త తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉండాయి. నువ్వు రాకపోతివి. ఫోనైనా చేయకపోతివి."

నన్ను పిలవలేదని నేను ఇక్కడ. నేను రాలేదని ఆమె అక్కడ. మధ్యలో రోడ్డు బాగాలేదని మా ఆయన.

ఇద్దరం ముందు ఏడ్చాం. తర్వాత ఆమె హరన్న గొంతుతో "నేను సెప్తా కదా" అని ఇంకోసారి అంది. అప్పుడు నవ్వొచ్చింది. ఉగ్గాని చల్లారిపోయింది. లావణ్య మళ్లీ తెప్పించింది.

(పేరు రాశాను. ఉండనీ.)

అదే రోజు, ఇంటికొచ్చాక

డబ్బాతో గుమ్మం ఎక్కుతుంటేనే ఆయనకు అర్థమైంది. అడగకముందే మొదలుపెట్టాడు.

"సెప్దామనే ఉంటి వల్లీ. ఆ పొద్దు నీకు తలనొప్పి. మర్సనాడు నువ్వు సంతోషంగా ఉంటివి, ఎందుకు సెడగొట్టేది అనుకుంటి. ఆ మర్సనాడు మా అమ్మ వచ్చె. తర్వాత ఆటో వెనకాల సూసి నీకే తెలిసిపాయ. తెలిసినాక సెప్తే నా మీద కోపమొస్తాదని..."

"ఏడాదికి పైగానా?"

"ఏడాది పడతాదని నేను మాత్రం అనుకుంటినా? రెండు రోజుల్లో మీరే కలిసిపోతారనుకుంటి. మీరు కలవకపోతిరి. దాంట్లో నా తప్పేముంది?"

"నువ్వొక మనిషివా?" అన్నాను.

మీరు అనేదాన్ని, నువ్వు అన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి. తిట్టుకన్నా ఆయనకు అదే ఎక్కువ తగిలినట్టుంది. తువ్వాల తీసి డబ్బాకున్న దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. దుమ్మేమీ లేదు.

వెన్న సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది.

నవంబరు 7

పాండురంగయ్యగారు వచ్చాడు. అద్దాలు తుడుచుకుని మరీ మూల చూశాడు.

"పోయింది."

"పోయిందండీ."

"ఇంత ఖాళీగా ఉండాదేందమ్మా? ఏదన్నా పువ్వు పెట్టు."

ఆయన్ను టీకి కూర్చోబెట్టి లావణ్యకు ఫోన్ చేశాను. పాత డిజైన్లలోంచి మల్లెతీగ ఒకటి పంపింది. బ్రహ్మాండమన్నాడు. గూడూరు మాస్టారు వచ్చి హాలు చూశారట. కిటికీలు చాలా ఉన్నాయని సంతోషించారట.

ఇంట్లో మాటల్లేవు. వంట చేస్తున్నాను, పెడుతున్నాను, అంతే.

నవంబరు 9

మాటల్లేవు. ఆయన పక్కింటి వాళ్లతో ఎక్కువగా మాట్లాడుతున్నాడు, నాకు వినబడేట్టు. వాతావరణం గురించి.

నవంబరు 12

లావణ్య రోజూ ఫోన్ చేస్తోంది. నేను చేయకపోతే ఆమె, ఆమె చేయకపోతే నేను. ఏడాదికి పైగా పేరుకున్న కబుర్లు, ఎంత మాట్లాడినా తరగడం లేదు. ఒక పక్క మాట్లాడుతూ ఇంకో పక్క కార్డులు చేసుకుంటున్నాం. పెద్ద ఆర్డర్లు వస్తే కలిసి చేద్దామని ఆమె అంది. నేను ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు, వెంటనే ఒప్పుకుంటే చులకనైపోతామని అలా అన్నాను. కాసేపటికి నేనే మళ్లీ చేసి సరే అన్నాను.

హరన్నను క్షమించెయ్యి అంది. తను క్షమించిందా అని అడిగాను. "నా ముందర నిలబడి తన నోటితో సెప్పనీ, అప్పుడు సూస్తా" అంది. అది న్యాయం.

నవంబరు 14

ఆయనతో మాట్లాడాను. "ఆదివారం లావణ్య వాళ్లు భోజనానికి వస్తాండారు. వంకాయలు తేవాల."

"నేను ఉండాల్నా?"

"ఉండాల. ఆ రోజు ఆమె నాకు సెప్పమన్నది ఏందో, నువ్వు ఎందుకు సెప్పలేదో, ఆమె ముందర నాకు సెప్పాల."

అంత పెద్ద మిల్లు యజమాని ముందు కూడా ఆయన మొహం అలా పాలిపోవడం నేను చూడలేదు. వంకాయలు మాత్రం ఈ రోజే తెచ్చేశాడు.

నవంబరు 15

స్నానాల గదిలో తలుపేసుకుని ప్రాక్టీసు చేస్తున్నాడు. "అమ్మా లావణ్యా, ఆ పొద్దు జరిగిందేమంటే..." తర్వాత నీళ్లు పోసుకున్న చప్పుడు. మళ్లీ "అమ్మా లావణ్యా..."

పాపమనిపించింది. తలుపు కొట్టి మాత్రం ఏమీ అనలేదు.

నవంబరు 16, ఆదివారం

వచ్చారు. లావణ్య, మహేశ్వర్, గౌరి. గౌరి నా భుజం దాకా ఎదిగింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, ఓళిగలు. ఓళిగల్లో నేతికి వెనకాడలేదు.

భోజనాలయ్యాక ఆయన లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే లావణ్య, తన షాపులో సగం గోడ తీసి రెండో టేబుల్ వేసే మాట ఎత్తింది. గోడ తీస్తే వాన లోపలికి కొడుతుందని నేనన్నాను. కొట్టదంది. ఆ వీధి వాలు చూశావా అన్నాను. నేను అక్కడే కదా ఉండేది అంది. కాగితం తెచ్చి గీసి చూపించాను. నా గీతల మీద ఆమె గీసింది. ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వకుండా ఎంతసేపు అరుచుకున్నామో తెలియదు. మధ్యలో ఒకసారి తల ఎత్తితే ఆయన గోడకానుకుని చేతులు కట్టుకుని ఏదో చెబుతున్నాడు. మహేశ్వర్ ఒక్కడే తలూపుతున్నాడు. గౌరి ఫోన్ చూసుకుంటోంది.

వాళ్లను బస్సెక్కించి వచ్చాక ఆయన కుర్చీలో వాలిపోయాడు. కొండ దించుకున్న మనిషిలా ఉన్నాడు.

"సెప్పేసినా వల్లీ. ఒగ మాట కూడా వదల్లే. అంతా సెప్పేసినా."

"ఎప్పుడు?" అన్నాను.